సింధు చుట్టూ 88 కిలోమీటర్లు, 2,200 చేతి చమురు

ముందు ఆ 2,200 సంగతి, అంటే అద్దె సైకిల్ డిపాజిట్‌లో పోయిన డబ్బు సంగతి, చెప్పేస్తాను, లేకపోతే మిగతాది రాయబుద్ధి కాదు.

లేహ్ బజారులో సైకిళ్లు అద్దెకిచ్చే కొట్లు చాలానే ఉన్నాయి. మేము వెళ్లినది ఏదో చెప్పను. రోజుకి 900, రెండు సైకిళ్లకి కలిపి డిపాజిట్ 5,000. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ లద్దాఖ్‌లో పనిచేయదని తెలిసి కూడా నేను పోస్ట్‌పెయిడ్‌కి మారలేదు. పోస్ట్‌పెయిడ్ ఉన్న మా బావేమో తలనొప్పితో రూములో దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. దాంతో మొత్తం నగదే ఇవ్వాల్సి వచ్చింది. రసీదు అడిగితే కొట్టాయన హిందీలో, "అన్నా, ఇక్కడంతా నమ్మకం మీదే" అన్నాడు. మంచివాడిలా ఉన్నాడనుకున్నా, నా బుద్ధి అంతే.

అసలు సొంత సైకిళ్లు డబ్బాలో పెట్టి విమానంలో తెచ్చుకుందామని బావ ముందే అన్నాడు. ఒక్కోదానికి 2,500 అదనం అనేసరికి దండగన్నది నేనే.

ప్లాను మాత్రం బాగా వేశాం. దిగిన రెండు రోజులు సైకిల్ ముట్టలేదు. లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తు, మెట్లెక్కితేనే ఆయాసం. హైదరాబాద్‌లో ఓఆర్‌ఆర్ పక్కన 23 కిలోమీటర్ల సోలార్ ట్రాక్ మీద వారానికి మూడు రోజులు తొక్కాం కదా అని ధీమాగా వచ్చిన బావ మొదటి రాత్రే "నేను తిరిగి పోతాన్రా" అన్నాడు. నీళ్లు, నిద్ర, మళ్లీ నీళ్లు. మూడో రోజుకి కుదుటపడ్డాడు. గెస్ట్ హౌస్ 1,800, టిఫిన్‌తో కలిపి, వంక పెట్టడానికేం లేదు.

చాలామంది ఖర్దుంగ్ లా అనే ఎత్తైన కనుమ వెంట పడతారు. జీపులో పైకెక్కించి కిందికి వదిలితే సైకిల్ తొక్కినట్టా? మాకు ఓ మోస్తరు చుట్టు కావాలి. అందుకే లేహ్ నుంచి చోగ్లంసర్ దిగి, మనాలీ హైవే మీద షే, థిక్సే, కారూ దాకా, అక్కడ సింధు దాటి హెమిస్ మఠం ఎక్కి, వచ్చేటప్పుడు అవతలి గట్టున స్తక్నా, మాథో, స్తోక్ మీదుగా వెనక్కి రావడం. మా మీటర్‌లో 88 కిలోమీటర్లు తేలింది. రోడ్డు చాలావరకు నున్నగా ఉంది, కారూ దగ్గర సైనిక లారీలు వరసగా వస్తాయి, అప్పుడు పక్కకి ఆగడమే మంచిది.

ఒక్క మాట గట్టిగా చెప్తాను. మధ్యాహ్నం నుంచి సింధు లోయలో గాలి లేస్తుంది, అదీ నది పారే దిక్కుకి ఎదురుగా, అంటే హెమిస్ నుంచి మీరు తిరిగొచ్చేటప్పుడు సరిగ్గా మొహం మీదికి. అందుకని తెల్లవారుజామున 5:30కే బయల్దేరండి. పదిన్నరకల్లా హెమిస్ నుంచి వెనక్కి తిరగాలి. మేము తిరిగేసరికి పన్నెండు దాటింది.

ఎందుకంటే నా సైకిల్. కారూ దాటాక హెమిస్ దాకా ఏడు కిలోమీటర్ల ఎక్కుడు, అక్కడే చిన్న గేరు కావాలి, అక్కడే చైన్ జారిపోతోంది. ప్రతి నాలుగు తొక్కుళ్లకి టక్‌మని జారడం, మోకాలు హ్యాండిల్‌కి కొట్టుకోవడం. దిగి చూస్తే వెనక డీరెయిలర్, అదే గేరు మార్చినప్పుడు చైన్‌ని జరిపే భాగం, లోపలికి ఒంగి ఉంది, ఆ ఒంపు మీద తుప్పు కూడా పట్టింది, అంటే నిన్నటిది కాదు. మూడు కిలోమీటర్లు నడిపించుకుంటూ వెళ్లాను. బావ ముందు వెళ్లి మణి గోడ (మంత్రాలు చెక్కిన రాళ్లు పేర్చిన గోడ) పక్కన కూర్చుని బిస్కెట్లు తింటూ, "బామ్మర్దీ, 2,500 దండగా?" అని అరిచాడు.

మేం అనంతపురం వాళ్లం, ఎండిన నేల మాకు కొత్త కాదు. కానీ మాకు ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితేనే కరువు సీమ అంటారు, ఇక్కడ పడేది 100 అటూ ఇటూ. కొండ మీద గడ్డిపోచ ఉండదు. మంచు కరిగిన నీళ్లని కాలవల్లో ఊళ్లోకి మళ్లించుకుంటారు, ఆ కాలవ ఉన్నంత మేర బార్లీ చేను, దాటితే మన్ను. గీత గీసినట్టు ఉంటుంది. అవతలి గట్టున అదే చూసుకుంటూ పోవచ్చు, బళ్లు పెద్దగా రావు. దుకాణాలు కూడా రావు, మనిషికి మూడు లీటర్ల నీళ్లు పెట్టుకోండి.

మాథో దగ్గర గాలికి తల ఎత్తలేక ఓ ఇంటి ముందు ఆగాం. "జూలే" (లద్దాఖీలో నమస్కారం) అన్నాం, అక్కడి పెద్దావిడ లోపలికి రమ్మంది. మందంగా, పైన గోధుమ రంగు పెచ్చు కట్టిన ఖంబీర్ రొట్టె, ఆప్రికాట్ జామ్, వెన్న టీ. టీ మొదటి గుక్క చారులో వెన్న కలిపినట్టుంది, రెండో కప్పు నేనే అడిగాను. ఇద్దరికీ 140 అంది. 150 ఇచ్చి చిల్లర వద్దంటున్నా వినకుండా లోపలికెళ్లి ఐదు నిమిషాలు వెతికి పది రూపాయలు తెచ్చి చేతిలో పెట్టింది.

చివర్లో చోగ్లంసర్ నుంచి లేహ్ దాకా ఎనిమిది కిలోమీటర్లు, పొద్దున హాయిగా దిగిందంతా ఎక్కాలి. ఆ ఎక్కుడుకి ఒంట్లో కాస్త ఓపిక దాచుకోండి.

కొట్టాయన డీరెయిలర్ చూసి, మేమే పడేశామని 2,200 పట్టుకుని 2,800 చేతిలో పెట్టాడు. తుప్పు చూపిస్తే నవ్వాడు. ఇచ్చేటప్పటి ఫొటో ఒక్కటి లేదు మా దగ్గర, ఏం వాదిస్తాం? మీరైతే తీసుకునే ముందే గేర్లన్నీ మార్చి చూడండి, బ్రేకులు నొక్కండి, ఆయన ముందే వీడియో తీయండి.

మర్నాడు ఎయిర్‌పోర్టుకి టాక్సీ 500కి మాట్లాడుకున్నాం. ఎక్కే ముందు బావ దాని చుట్టూ తిరిగి వీడియో తీశాడు.