రిచ్‌మండ్‌లో పల్స్ బస్సు: అమ్మానాన్నలతో, కారు లేకుండా

వర్జీనియా రాజధాని రిచ్‌మండ్‌కి కారు లేకుండా వెళ్లొచ్చా అని ఎవరైనా అడిగితే, బ్రాడ్ స్ట్రీట్‌కి దగ్గర్లో దిగేలా ఉంటే నిశ్చింతగా వెళ్లండి అంటాను. ఆ వీధి మీద పల్స్ అనే బస్సు నడుస్తుంది. పడమర విల్లో లాన్ నుంచి తూర్పున నది ఒడ్డున ఉన్న రాకెట్స్ లాండింగ్ దాకా 7.6 మైళ్లు. 2018 జూన్‌లో మొదలైంది. 2020 మార్చి నుంచి టికెట్ లేదు. పల్సే కాదు, అక్కడి సిటీ బస్సులన్నీ ఉచితమే.

మేమున్నది వాషింగ్టన్ పక్కన. అమ్మానాన్నలు విజయవాడ నుంచి వచ్చారు. అమెరికా వచ్చిన తల్లిదండ్రుల కష్టం అందరికీ తెలిసిందే. డ్రైవింగ్ రాదు, వీధి చివర బస్సు ఉండదు, కొడుకో కూతురో కారు తీస్తే తప్ప గడప దాటలేరు. అందుకే ఈసారి కావాలనే కారు ఇంట్లో పెట్టి రైల్లో వెళ్లాం.

రైలెక్కేముందు ఒక సంగతి తెలిసి ఉండాలి. రిచ్‌మండ్‌లో ఆమ్‌ట్రాక్ (అమెరికాలో ప్రయాణికుల రైళ్లు నడిపే సంస్థ) స్టేషన్లు రెండున్నాయి. ఊరి నడిబొడ్డున ఉన్నది మెయిన్ స్ట్రీట్ స్టేషన్. గడియారపు గోపురంతో 1901 నాటి అందమైన కట్టడం. పల్స్ ఆ పక్కనే ఆగుతుంది. రెండోది స్టేపుల్స్ మిల్ రోడ్ స్టేషన్, ఊరి బయట ఉంటుంది. ఎక్కువ రైళ్లు ఆగేది అక్కడే. న్యూపోర్ట్ న్యూస్ వైపు వెళ్లే రైళ్లు రెండు చోట్లా ఆగుతాయి కానీ, నార్‌ఫోక్ వెళ్లేవి మెయిన్ స్ట్రీట్‌కి రావు. పైగా పల్స్‌కి కూడా స్టేపుల్స్ మిల్ అని ఒక స్టాపుంది! దానికీ ఆ రైల్వే స్టేషన్‌కీ మధ్య కొన్ని మైళ్ల దూరం. పేరు ఒకటే కదా అని సూట్‌కేసులతో నడవడం మొదలుపెడితే అంతే సంగతులు. టికెట్ కొనేటప్పుడే మెయిన్ స్ట్రీట్ అని ఉందో లేదో చూసుకోండి.

ఇక బస్సు. ప్లాట్‌ఫాం బస్సు ఫ్లోరుతో సమానమైన ఎత్తులో ఉంటుంది. నాన్నకి మోకాళ్ల నొప్పి, మెట్టు ఎక్కాలంటే చెయ్యి పట్టుకోవాలి. ఇక్కడ గదిలోంచి గదిలోకి వెళ్లినట్టు ఎక్కేశారు. వీల్‌చైర్లు, స్ట్రోలర్లు కూడా అంతే తేలిగ్గా ఎక్కుతున్నాయి. టికెట్ లేదు కాబట్టి డ్రైవర్ దగ్గర క్యూ ఉండదు, అన్ని తలుపుల్లోంచీ ఎక్కొచ్చు. స్టాపులో తర్వాతి బస్సు ఎన్ని నిమిషాల్లో వస్తుందో బోర్డు చూపిస్తుంది. పగటిపూట రద్దీ వేళల్లో పది నిమిషాలకొకటి, మిగతా వేళల్లో దాదాపు పావుగంటకొకటి. రాత్రి పొద్దుపోయేదాకా నడుస్తుంది.

టికెట్ ఎవరికివ్వాలి అని నాన్న చిల్లర పట్టుకుని అటూ ఇటూ చూశారు. ఫ్రీ అని చెబితే, "సీనియర్ సిటిజన్లకేనా?" అన్నారు. అందరికీ అన్నాను. "మరి డ్రైవర్ జీతం ఎవరిస్తారు?" అని వెంటనే అడిగారు. రిటైరైనా ఆయనలోని అకౌంటెంట్ రిటైర్ కాలేదు. నగరం, పక్కనున్న హెన్రైకో కౌంటీ, రాష్ట్రం, కేంద్రం కలిసి భరిస్తాయని చెప్పాను. రెండు ఆసుపత్రి సంస్థలు కూడా స్పాన్సర్లుగా డబ్బిచ్చాయి. అది విని నాన్న కాసేపు మౌనంగా ఉన్నారు.

అంతా బాగుందనను. బస్సుకి ప్రత్యేకమైన లేన్ దారి పొడవునా లేదు, సగం దూరం కూడా ఉండదు. థాంప్సన్ స్ట్రీట్ నుంచి ఫౌషీ స్ట్రీట్ వరకు రోడ్డు మధ్యలో బస్సుకే కేటాయించిన లేన్లు, స్టాపులు కూడా మధ్యలోనే. ఈ ముక్కలో బస్సు నిజంగా పరుగెడుతుంది. సిగ్నళ్లు కూడా దానికి కొంత అనుకూలంగా మారతాయి. ఫౌషీ దాటి డౌన్‌టౌన్‌లోకి వచ్చేసరికి లేన్ రోడ్డు అంచుకి జరుగుతుంది. మేం చూసినప్పుడు డెలివరీ వ్యాన్లు, క్యాబ్‌లు దర్జాగా ఆ లేన్‌లోనే ఆపుకుని ఉన్నాయి. 14వ స్ట్రీట్ దాటాక అసలు లేనే లేదు, కార్లతో పాటే నత్తనడక. పడమర చివర విల్లో లాన్ దగ్గరా అంతే. ఈ చివర నుంచి ఆ చివరకి అరగంట దాటుతుంది.

విజయవాడలో బీఆర్‌టీఎస్ (బస్సులకి ప్రత్యేకమైన లేన్లుండే పద్ధతి) రోడ్డంటే ఆటోవాళ్లందరికీ తెలుసు. రోడ్డుకి పేరు స్థిరపడింది కానీ ఆ పేరులోని బస్సు నిలదొక్కుకోలేదు. "మనకి రోడ్డు మిగిలింది, వీళ్లకి బస్సు మిగిలింది" అంది అమ్మ. సగం దారే అయినా పద్ధతిగా నడుపుతున్నారు, అది ఒప్పుకోవాలి. అసలు ఈ ఊరికిది కొత్త కాదు. పెద్ద ఎత్తున విజయవంతంగా నడిచిన మొదటి ఎలక్ట్రిక్ ట్రామ్ వ్యవస్థ రిచ్‌మండ్‌దే. ఫ్రాంక్ స్ప్రేగ్ అనే ఇంజనీరు 1888లో నడిపించాడు. ఆయన్ని చూసే మిగతా ఊళ్లు ట్రాములు వేసుకున్నాయి. 1949కల్లా రిచ్‌మండ్ తన ట్రాముల్ని వదిలేసింది. ఇప్పుడు బస్సుకి లేన్ సంపాదించడానికి ఇంత కష్టం!

పల్స్ మీద చూడదగ్గవాటిలో నా మొదటి ఓటు ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంకి. సైన్స్ మ్యూజియం స్టాపులో దిగి దక్షిణంగా పావుగంట నడవాలి. ప్రవేశం ఉచితం, ఏడాదిలో 365 రోజులూ తెరిచే ఉంటుంది. రష్యా చక్రవర్తుల ఫాబెర్జే గుడ్లు ఐదు ఇక్కడున్నాయి. భారతీయ శిల్పాల గ్యాలరీ ఇంత బాగుంటుందని నేననుకోలేదు. రాజస్థాన్ నుంచి తెచ్చిన తెల్ల పాలరాతి మంటపం ముందు అమ్మ చాలాసేపు కూర్చుంది. మధ్యమధ్యలో "ఎలా తెచ్చుంటారో" అంటూనే ఉంది.

స్టాపుకి ఎదురుగా ఉండే సైన్స్ మ్యూజియం ఒకప్పటి రైల్వే స్టేషన్. 1919లో కట్టిన పెద్ద గుమ్మటం, దానికోసమైనా ఒకసారి లోపలికి తొంగిచూడొచ్చు. టికెట్ ఉంది, పిల్లలుంటే పెట్టిన డబ్బు గిట్టుబాటవుతుంది, పెద్దవాళ్లతో అయితే అవసరం లేదు. స్కాట్స్ అడిషన్ స్టాపు చుట్టూ బీరు తయారుచేసే చోట్లే ఎక్కువ. అమ్మానాన్నలతో ఏం చేస్తాం! కానీ అక్కడి నుంచి మాన్యుమెంట్ అవెన్యూకి నడిచి టెన్నిస్ ఆటగాడు ఆర్థర్ ఆష్ విగ్రహం చూశాం. ఆయన ఈ ఊళ్లోనే పుట్టాడు. 1975లో వింబుల్డన్ గెలిచిన సంగతి నాన్నకి బాగా గుర్తు. అదే వీధిలో ఉన్న కాన్ఫెడరేట్ (అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షం) సేనానుల విగ్రహాలని 2020, 2021లలో తీసేశారు. ఆష్ మాత్రం ఉన్నాడు.

థామస్ జెఫర్సన్ రూపకల్పన చేసిన క్యాపిటల్ (రాష్ట్ర శాసనసభ) భవనం డౌన్‌టౌన్ స్టాపులకి నడిచేంత దూరం, ప్రవేశం ఉచితం. లిబీ హిల్ పార్క్ మీద నుంచి జేమ్స్ నది వంపు బాగా కనిపిస్తుంది కానీ, ఈస్ట్ రివర్‌ఫ్రంట్ స్టాపు నుంచి పైకెక్కాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు క్యాబ్ తీసుకోండి.

బస్సులో ఇళ్లు లేనివాళ్లు కూడా ఉంటారు. చలికాలంలో వెచ్చగా కూర్చోవడానికి ఎక్కుతారు. కొందరు తమలో తామే గొణుక్కుంటుంటారు. మమ్మల్నెవరూ ఇబ్బంది పెట్టలేదు. రాత్రి పదిన్నరకి ఒక బస్సులో ఇద్దరు గట్టిగా వాదించుకుంటే అమ్మకి కొంచెం టెన్షన్ వచ్చింది, డ్రైవర్ సర్దిచెప్పాడు. స్టాపుల్లో బాత్‌రూములు లేవు. పెద్దవాళ్లతో తిరిగేటప్పుడు మ్యూజియంలోంచి బయటికి వచ్చేముందే ఆ పని చూసుకోవాలి.

బస విషయంలో మొదట పడమర శివారులోని షార్ట్ పంప్ చూశాం. మనవాళ్లు ఎక్కువగా ఉండేది అటే. గ్లెన్ అలెన్‌లో హిందూ దేవాలయం, వెస్ట్ బ్రాడ్ మీద ఇండియన్ కిరాణా కొట్లు, హోటల్ గదులూ చవక. చిక్కేమిటంటే పల్స్ అంత దూరం వెళ్లదు, విల్లో లాన్‌తోనే ఆగిపోతుంది. అక్కడి నుంచి 19వ నంబరు బస్సు షార్ట్ పంప్‌కి ఉంది కానీ, దారంతా కార్ల మధ్యే, స్టాపులు ఎక్కువ. అందుకని ఆర్ట్స్ డిస్ట్రిక్ట్ దగ్గర ఒక పాత హోటల్లో దిగాం. గది చిన్నది, కిటికీలోంచి వీధి గోల వినిపిస్తుంది, బ్రేక్‌ఫాస్ట్‌లో శాకాహారులకి రొట్టె, పండ్లు తప్ప పెద్దగా లేవు. అద్దె కూడా షార్ట్ పంప్ కంటే ఎక్కువే. కానీ డౌన్‌టౌన్ హోటళ్లు రాత్రికింత అని వసూలు చేసే పార్కింగ్ ఛార్జీ మాకు లేదు, క్యాబ్ ఖర్చు దాదాపు లేదు. అన్నీ కలిపి చూస్తే మాకే మిగిలింది. అంతకంటే ముఖ్యం, నేను ఆఫీసు కాల్‌లో ఉన్న ఒక మధ్యాహ్నం వాళ్లిద్దరూ నన్ను పిలవకుండా బస్సెక్కి నది దాకా వెళ్లొచ్చారు.

పల్స్‌ని పడమరగా పార్హమ్ రోడ్ వైపు పొడిగించే ప్రణాళిక ఉంది. అది పూర్తయితే గుడికి, కిరాణా కొట్లకి ఇంకాస్త దగ్గరవుతుంది. ఈలోగా షార్ట్ పంప్‌లో చుట్టాలింట్లో దిగేవాళ్లయితే, పొద్దున విల్లో లాన్ దాకా దింపమని అడగండి. హోటల్ బుక్ చేసేవాళ్లు మాత్రం రేటింగ్ కంటే ముందు స్టాపు ఎంత దూరమో మ్యాప్‌లో చూడండి. ఐదు నిమిషాల నడకకి మించితే, పెద్దవాళ్లతో వద్దు.