స్లీవ్ సర్జరీ తర్వాత ప్రోటీన్: షేక్ తాగాలా, నమిలి తినాలా?

బరువు తగ్గడానికి చేసే గ్యాస్ట్రిక్ స్లీవ్ సర్జరీలో పొట్టను దాదాపు 75–80 శాతం తీసేస్తారు. మిగిలిన ఆ చిన్న సంచితోనే రోజుకు కనీసం 60 గ్రాముల ప్రోటీన్ అందుకోవాలి. మొదటి వారాల్లో ప్రోటీన్ పొడి కలిపిన షేకే దిక్కు. పొట్ట మానాలి, గట్టి పదార్థం దిగదు. ఆ రోజుల్లో షేక్ చేసే మేలు చిన్నదేమీ కాదు.

ఏడాది దాటాక మాత్రం లెక్క మారుతుంది. షేక్ తాగిన కాసేపటికే పొట్టలోంచి జారిపోతుంది, మళ్లీ ఆకలి మొదలు. అదే ఉడికించిన గుడ్డును చిన్న ముక్కలు చేసి, ఒక్కోటి మెత్తగా నలిగేదాకా నమిలి చూడండి. రెండో గుడ్డు సగంలో ఉండగానే ఛాతీ కింద బరువుగా అనిపిస్తుంది. చెంచా అక్కడే పక్కన పెట్టేయాలి. ఇంకొక్క ముక్క అనుకుంటే గొంతుదాకా వచ్చేస్తుంది. తిన్నాక అరగంట నీళ్లు తాగకుండా ఆగితే ఆ నిండుదనం ఇంకాస్త నిలుస్తుంది.

తగ్గిన బరువు తిరిగి రాకూడదంటే నా ఓటు నమిలే తిండికే. తీపి పానీయాలు, ఐస్‌క్రీమ్ కొద్దికొద్దిగా రోజంతా లోపలికి పోతుంటే స్లీవ్ ఆపలేదు. తీపి షేకులూ ఆ కోవలోవే. జ్వరమొచ్చినప్పుడు, ప్రయాణాల్లో షేక్ సరే. ఏది ఎంచుకున్నా డాక్టర్ రాసిన బీ12, ఐరన్ మాత్రలు మానొద్దు, ఏటా రక్తపరీక్ష తప్పించుకోవద్దు.