సమాధి లేని దేహూ: తుకారాం జాడలు వెతుక్కునేవాళ్ల కోసం

పదిహేడో శతాబ్దపు మరాఠీ భక్తకవి తుకారాం మహారాజ్‌కి సమాధి లేదు. పుణె దగ్గర ఆయన ఊరు దేహూకి బయల్దేరేముందు తెలుసుకోవలసిన మొదటి సంగతి ఇదే. పక్కనే ఆళందిలో జ్ఞానేశ్వరుడి సమాధి ముందు తల వంచి వచ్చినట్టు ఇక్కడ కుదరదు. 1650లో ఫాల్గుణ బహుళ విదియనాడు కీర్తన పాడుతూ పాడుతూ ఆయన బొందితోనే వైకుంఠానికి వెళ్లిపోయాడని, పండరి విఠ్ఠలుణ్ణి కొలిచే వార్కరీల నమ్మకం. కాబట్టి దేహూలో చూడవలసినవి ఒక రాయి, ఒక నది, ఒక చెట్టు. ఏది ఏ కథకి చెందిందో తెలియకపోతే గంటలో చుట్టేసి "ఇంతేనా" అనుకుంటూ వెనక్కి వచ్చేస్తారు.

హైదరాబాద్ వైపు నుంచి పుణెకి శతాబ్ది, హుస్సేన్‌సాగర్ ఉన్నాయి. విశాఖ, విజయవాడ వాళ్లకి కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఉంది. పుణె నుంచి లోణావళా లోకల్ ఎక్కి ఆకుర్డి దాటగానే దేహూ రోడ్‌లో దిగాలి. చాలామంది పొరబడేది ఇక్కడే. దేహూ రోడ్ కంటోన్మెంటు. తుకారాం ఊరు దేహూగావ్, అక్కడి నుంచి ఇంకో ఐదారు కిలోమీటర్లు. క్యాబ్ బుక్ చేసేటప్పుడు ఊరి పేరు పూర్తిగా కొట్టకపోతే స్టేషన్ దగ్గరే దింపేసి పోతారు. స్టేషన్ బయట ఆటోలు దొరుకుతాయి. మధ్యాహ్నం పూట లోకల్స్ బాగా పలచబడతాయి కనుక పొద్దున్నే వెళ్లడం మంచిది. అలా కుదరకపోతే పుణె శివారు నిగడి నుంచి సిటీ బస్సు నయం.

బసకి దేహూలో భక్తనివాసాలు, ధర్మశాలలు ఉన్నాయి. చాప, కుళాయి, నలుగురితో కలిసి పడుకునే హాలు చాలనుకునేవాళ్లకి అవి హాయి. తెల్లవారుజామున కాకడ ఆరతి (దేవుణ్ణి మేల్కొలిపే హారతి పాట) వినాలంటే ఊళ్లోనే పడుకోవాలి. ముసలివాళ్లు, చిన్నపిల్లలు వెంట ఉంటే మాత్రం నిగడిలోనో చించ్‌వడ్‌లోనో లాడ్జి తీసుకోండి. అరగంట ప్రయాణం పెరిగినా పాశ్చాత్య మరుగుదొడ్డి, వేడినీళ్లు ఖాయంగా ఉంటాయి. భోజనానికి పిఠ్లా (శనగపిండి కూర), భాకరీ (జొన్నరొట్టె) అడగండి. ఏకాదశి నాడు వెళితే సగ్గుబియ్యం ఖిచిడీతో సరిపెట్టుకోవలసిందే.

ముందుగా పాత విఠ్ఠల మందిరం, అందులో శిలా మందిరం చూడాలి. వాఘోలీకి చెందిన రామేశ్వర భట్టు, శూద్రుడు దేవుడి మాట రాయకూడదని అభ్యంతరం చెప్పడంతో తుకారాం తన అభంగాల (విఠ్ఠలుడి మీద పాడిన మరాఠీ పదాల) ప్రతులు ఊరి పక్కన పారే ఇంద్రాయణి నదిలో వదిలేశాడని కథ. పదమూడు రోజులు అన్నం నీళ్లు ముట్టకుండా ఒక బండమీద కూర్చున్నాడట. పద్నాలుగో రోజున ప్రతులు తడవకుండా తేలి వచ్చాయట. గుళ్లో పూజలందుకునే రాయి ఆ బండే. 2022 జూన్‌లో దానికి కొత్త మందిరం తెరిచారు. ఆ రామేశ్వర భట్టే తరవాత శిష్యుడై, తుకారాం మీద ఆరతి రాశాడు. దాన్ని ఇప్పటికీ పాడతారు.

నది ఒడ్డున ఉన్న గాథా మందిరం పెద్దది, కొత్తది. నాలుగు వేలకు పైగా అభంగాలు గోడలమీది పాలరాతి పలకల్లో చెక్కి ఉన్నాయి. దేవనాగరి చదవగలిగితే ఇక్కడ రెండు గంటలు కేటాయించండి. ప్రతి అభంగం చివర "తుకా మ్హణే" కనిపిస్తుంది. మన వేమన పద్యానికి మకుటం ఎలాగో దానికి ఇది అలాగ. హిందీ వాళ్లకి నోరు తిరగని "ళ" మనకి అలవాటే, కాబట్టి పైకి చదువుకోండి. చదవడం రానివాళ్లకి ఇది పాలరాతి గోడల హాలుగానే మిగులుతుంది. అలాంటివాళ్లు ఆ సమయం పాత గుళ్లో భజన దగ్గర గడపడం మేలు. పఖవాజ్ మద్దెల మోత, తాళాల చప్పుడు నడుమ ఆ పదాలకి ప్రాణం వస్తుంది. తుకారాం పాడినవాడు, ఆయన్ని చెవులతోనే అందుకోవాలి.

తరవాత వైకుంఠస్థానం. ఇక్కడ నాందుర్కి చెట్టు ఉంది, మర్రి జాతిది. దాని కిందనుంచే ఆయన వెళ్లాడంటారు. "మా ఊరికి వెళ్తున్నాం, మా రామ్ రామ్ అందుకోండి" అని అర్థమొచ్చే వీడ్కోలు అభంగం అప్పటిదేనని చెబుతారు. గర్భంతో ఉన్న భార్య జిజాబాయి తను రానన్నదట. తరవాత పుట్టిన కొడుకు నారాయణ మహారాజే 1685లో పండరిపురానికి పల్లకీ యాత్ర మొదలుపెట్టాడు. తుకారాం నదిలోకి నడిచి వెళ్లిపోయాడనే మాటా ఉంది, గిట్టనివాళ్లు చంపేశారని వాదించినవాళ్లూ ఉన్నారు. చదువుకుని వెళ్లండి కానీ, ఆ చెట్టుకింద కళ్లు మూసుకుని కూర్చున్నవాళ్ల ముందు ఆ చర్చ పెట్టకండి.

తుకారాం వెళ్లిపోయిన తిథినాడు జరిపే బీజ్ ఉత్సవానికి తేదీ మన పంచాంగంలోనే దొరుకుతుంది. మరాఠీ నెలలు మనలాగే అమావాస్యతో ముగుస్తాయి కాబట్టి ఫాల్గుణ బహుళ విదియ చూసుకుంటే చాలు. ఉత్తరాది క్యాలెండర్ చూస్తే అది చైత్రంలో పడి తికమక పెడుతుంది. ఆ రోజు మధ్యాహ్నం 12 గంటల 2 నిమిషాలకి చెట్టు కదులుతుందని నమ్మకం. జనమంతా ఒక్కసారిగా పూలు విసురుతారు. పదకొండింటికి చేరేవాళ్లకి చెట్టు కనిపించదు, కేకలే వినిపిస్తాయి. పొద్దున ఏడులోపే చోటు చూసుకోవాలి. ఎండ గట్టిగా ఉంటుంది, నీళ్ల సీసా, తలకి తువ్వాలు తప్పనిసరి. బళ్లు దూరంగా ఆపేస్తారు కాబట్టి నడక తప్పదు. చెట్టుని తీరిగ్గా చూడాలనుకునేవాళ్లు మామూలు వారపు రోజు ఎంచుకోండి. పల్లకీ బయల్దేరే జ్యేష్ఠ బహుళ సప్తమికి అటూ ఇటూ అయితే ఊళ్లో గది ఆశ వదులుకోవలసిందే.

ఇంద్రాయణిలో స్నానం వద్దు. నీళ్లు మురికిగా ఉంటాయి, ఆళంది దగ్గర తెల్లటి నురగ తేలుతుంది. తలమీద నాలుగు చుక్కలు చల్లుకుంటే సరిపోతుంది.

ఒక పూట మిగిలితే ఆటో మాట్లాడుకుని భండారా కొండ, అక్కణ్ణుంచి సుదుంబరే వెళ్లండి. తుకారాం ఏకాంతంగా కూర్చున్న కొండ అది. పైదాకా రోడ్డు ఉంది. సుదుంబరేలో ఉన్నది సంతాజీ జగనాడే సమాధి. గానుగ ఆడించుకునే తేలీ కులస్థుడు, తుకారాం పాడుతుంటే రాసుకున్నవాడు. ఎవరు ముందు పోతే రెండోవాళ్లు వచ్చి మట్టి వెయ్యాలని ఇద్దరూ మాట ఇచ్చుకున్నారట. సంతాజీ పోయినప్పుడు ఎంత మట్టి పోసినా ముఖం కప్పుకోలేదట. చివరికి తుకారాం వైకుంఠం నుంచి దిగి వచ్చి మూడు పిడికిళ్లు వేశాకే కప్పుకుందట. దేహూకి వచ్చేవాళ్లలో చాలామంది ఇంతవరకూ రారు. తిరుగు ఆటో దొరకదు, వచ్చిన దాన్నే ఆపి ఉంచుకోండి.