‘గుడ్లు పెట్టే జత’ అని నియాన్ గోబీలు అమ్ముతుండు, నల్లగొండ, పాలమూరు వాళ్లు జర పైలం

నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు దిక్కు ఉప్పునీళ్ల ట్యాంకులు పెట్టుకున్నోళ్లు, పెట్టుకుందామని చూస్తున్నోళ్లు పైసలు పంపేముందు ఇది పూర్తిగ చదవండి. హైదరాబాద్ నుంచి ఒకాయన అక్వేరియం గ్రూపులల్ల ‘నియాన్ గోబీ బ్రీడింగ్ పెయిర్, మా ట్యాంకులనే పుట్టినయి, ఆల్రెడీ గుడ్లు పెట్టినయి’ అని అమ్ముతుండు. నియాన్ గోబీ అంటే నీలం గీత ఉండే చిన్న సముద్రపు చేప. మామూలు జతకు మూడింతల రేటు. ఫొటోలు మంచిగుంటయి, మాట ఇంకా మంచిగుంటది. పేరు ఇక్కడ రాస్తలేను, ఫిర్యాదు నడుస్తున్నది. పేరు తెలిసినా ఫాయిదా లేదు, రేపు ఇంకో పేరు మీద దిగుతడు. ఆయన అమ్మే తీరు తెలిస్తే చాలు.

నాకు వచ్చినవి రెండూ మగయే.

ఆర్టీసీ కార్గోల డబ్బా వచ్చింది. చేపలు బతికే ఉన్నయి, అది ఒప్పుకోవాలె. నల్లటి ఒళ్లు, మీద నిగనిగలాడే నీలం గీత, చూస్తే పానం లేచొచ్చింది. కొద్ది రోజులకే పెద్దది చిన్నదాన్ని తరుముడు మొదలుపెట్టింది. పైపు ముక్క కాడికి పోతే తరుముడు, రాయి మీద కూసుంటే తరుముడు. చిన్నది పోయి హీటర్ ఎన్కకు ఇరుక్కున్నది, తోక రెక్క చీలికలు చీలికలైంది. ఫోన్ చేసి చెప్తే, ‘కొత్త ట్యాంక్ కదన్నా, అడ్జస్ట్ అయితయి’ అన్నడు.

చిన్నదాన్ని పట్టి పారదర్శకంగ ఉండే బ్రీడర్ బాక్సుల వేసి, అద్దానికి ఆనించి, కింది నుంచి ఫోన్ టార్చి కొట్టి చూసిన. పొట్ట కింద, మలద్వారం ఎన్క, చిన్న మొన ఒకటి ఉంటది. మగదానికి అది సన్నగ, కొసకు సూదిగ ఉంటది. ఆడదానికి పొట్టిగ, వెడల్పుగ, కొస మొద్దుబారి ఉంటది. చేపే వేలంత లేదు, ఇగ మొన ఎంత ఉంటదో మీరే ఆలోచించండి. అయినా ఫోన్ల జూమ్ చేసి ఫొటో తీస్తే స్పష్టంగ కనబడ్డది. సూది మొన. పెద్దదాన్ని పట్టి చూసిన. అదీ సూది మొననే.

ఫొటోలు పంపితే మాట మార్చిండు. ‘గోబీలు ఆడ మగ మారుతయన్నా, టైం ఇవ్వండి’ అన్నడు. చూడండి, ఇందుల సగం నిజం ఉంది. పగడాల కొమ్మల నడుమ బతికే గోబియోడాన్ గోబీలు, గవ్వంత సైజు ట్రిమ్మా గోబీలల్ల కొన్ని అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు మారుతయి. ఆ ముక్క పట్టుకొని నియాన్‌కు అంటగడుతుండు. సరే, మారుతయనే అనుకుందాం. గుడ్లు పెట్టిన జత అని కదా అమ్మినవు? గుడ్లు పెట్టిన ఆడది ఇప్పుడు కొత్తగ ఎందుకు తయారు కావాలె? ఇది అడిగిన. జవాబు లేదు, నంబర్ బ్లాక్.

ఇగ పోతే ‘మా ట్యాంకులనే పుట్టినయి’ అన్న మాట. నియాన్ గోబీ మన సముద్రాల చేప కాదు. అట్లాంటిక్ దిక్కుది, ఫ్లోరిడా కాడి నుంచి బెలీజ్ దాక దాని ఇలాక. అమెరికాల 1970ల నుంచే ట్యాంకులల్ల గుడ్లు పెట్టిచ్చి, పిల్లల్ని పెంచి అమ్ముతున్నరు. అంటే ఇంట్ల బ్రీడింగ్ చేసుడు కాని పని ఏం కాదు, సముద్రపు చేపలల్ల తేలికైనవాటిల ఇదొకటి. అందుకే ఈ మాట నమ్మబుద్ధి అయితది. కానీ మిర్యాలగూడల ఒక తమ్ముడికి ఈయనే ‘రామేశ్వరం నుంచి తెప్పిచ్చి మా దగ్గర పెంచినయి’ అని చెప్పి ఇంకో జత అమ్మిండు. రామేశ్వరం అన్నకాడనే అబద్ధం బయటపడ్డది. అక్కడ నీలం గీతతోని దొరికేది క్లీనర్ రాస్. గోబీ కానే కాదు.

ఈ రెండిటికి తేడా ఫొటోల దొరకదు, వీడియోల దొరుకుతది. గోబీకి పొట్టకింది రెండు రెక్కలు కలిసిపోయి అతుక్కునే పట్టు లెక్క ఉంటది. అది అద్దం మీదనో, రాయి మీదనో కూసుంటది, టపక్కున లేచి ఇంకోకాడ కూసుంటది. రాస్ పగలంతా ఈదుతనే ఉంటది, ఎక్కడా ఆగదు. ఇంకోటి, నియాన్ గోబీ నోరు ముట్టె కిందికి ఉంటది, రాస్ నోరు ముందుకు, కొసకు ఉంటది. గోబీ 5 సెంటీమీటర్లకు ఆగిపోతది, రాస్ పది దాటి పెరుగుతది, ఇంట్ల ట్యాంకుల మేతకు అలవాటు పడక చానా వరకు ఎండి చస్తయి. తమ్ముడిది అట్లనే అయింది. మన కృష్ణల, చెరువులల్ల దొరికే ఇసుక దొందులు కూడ గోబీ జాతివే. చిన్నప్పుడు వాటిని పట్టినోళ్లకు ఆ కూసునే తీరు గుర్తుంటది.

పాలమూరు అబ్బాయిది ఇంకా అన్యాయం. ఆయనకు ‘మెరైన్ బంబుల్‌బీ గోబీ’ అని పసుపు నలుపు చారల చిన్న చేపలు పంపిండు. బంబుల్‌బీ గోబీలు ఆగ్నేయాసియా దిక్కు మంచినీళ్లల్ల, కొంచెం ఉప్పు కలిసిన నీళ్లల్ల బతికేటియి. పూర్తి సముద్రం ఉప్పుల తెచ్చి వేస్తే ఏమైతదో అదే అయింది. వాటి రేటు వేరు, నియాన్ రేటు వేరు. మెరైన్ అనే ఒక్క మాట తగిలిస్తే రేటు ఎక్కడికో పోతది.

అసలు ఆలోచించండి. గుడ్లు పెట్టుడు మొదలైన నియాన్ జత రెండు మూడు వారాలకోసారి పెడుతనే ఉంటది. ఒక్కో ఈతకు వందకు పైన గుడ్లు. అట్లాంటి జతను అమ్ముకునేటోడు ఎవడు? పాలిచ్చే బర్రెను అమ్మినట్టు. నిజంగ పెంచేటోడు పిల్లల్ని అమ్ముతడు. ‘పెయిర్ లేదు, చిన్నయి ఉన్నయి, నాలుగైదు తీసుకొని కలిపి పెంచుకోండి’ అని చెప్పేటాయన దగ్గర కొనొచ్చు. అందుల ఒక జత వాటంతటవే కుదురుతది, కుదిరినంక మిగతావాటిని తరుముతది. అప్పుడు తరిమించుకునేవాటిని తీసి వేరే ట్యాంకుల పెట్టుకోవాలె. ఆలస్యం అయితది, కానీ ఆడ మగ తేలిపోతది, ఖర్చు కూడ ఈయన అడిగిన దానికన్నా తక్కువే.

పెంచేటోడా కాదా తేల్చే ప్రశ్న ఒకటే చాలు: గుడ్డు పగిలి పిల్ల బయటికొచ్చినంక మొదటి మేత ఏంది? నేను ఇదే అడిగితే ఆయన ‘ఉడకబెట్టిన గుడ్డు పచ్చసొన నలిపి వెయ్యండి’ అన్నడు. అది మంచినీళ్ల చేప పిల్లలకు చేసే పని. నియాన్ పిల్ల 3, 4 మిల్లీమీటర్లు ఉంటది, దారం పోగంత, నీళ్లల్ల తేలుతది, కదిలేదాన్నే తింటది. దానికి రోటిఫర్లు కావాలె, అంటే నీళ్లల్ల నలుసంత ఉండే జీవులు, అవీ బతికున్నయి. ఆర్టీమియా (ఉప్పునీళ్లల్ల పెరిగే చిన్న రొయ్య లాంటి జీవి) వెయ్యమని చెప్పేటోళ్లు కూడ ఉంటరు, అప్పుడే పగిలిన ఆర్టీమియా కూడ ఆ నోటికి పెద్దది, దాని వంతు రెండు మూడు వారాలకు వస్తది. పిల్ల పెద్ద చేప రూపానికి వచ్చి కింద కూసునుడు నేర్చేసరికి నెల దాటుతది. గుడ్లు ఎక్కడ పెడతయి అని కూడ అడగండి. పీవీసీ పైపు ముక్కల, లేకుంటే గవ్వల. కాపలా ఉండి రెక్కలతోని నీళ్లు విసిరేది మగది. వారం తిరిగేసరికి పగులుతయి, ఎక్కువగ లైట్లు ఆరిపినంక. చేసినోడు వీటికి ఆలోచించకుండ చెప్తడు.

ఆ జతతోని ఒక ‘బ్రీడింగ్ కిట్’ కూడ అంటగట్టిండు. ఇది మాత్రం అసలు కొనకండి, ఉత్తగ ఇస్తానన్నా వద్దు.

అందుల రోటిఫర్ల సీసా ఒకటి. మూత తీస్తే మురిగిన కోడిగుడ్డు వాసన. పెబ్బేరు ఫిషరీ కాలేజీల చదివే తెలిసిన పిల్లవాడు ఒకడున్నడు, మైక్రోస్కోపు కింద పెట్టి చూసిండు. ఒక్కటంటే ఒక్కటి కదల్లేదు. ఎండల సీల్ చేసిన సీసాల బస్సు డిక్కీల వస్తే బతుకుతయా? మైక్రోస్కోపు లేకున్నా చూడొచ్చు. గాజు గ్లాసుల పోసి, పక్క నుంచి టార్చి కొట్టి, భూతద్దంతోని చూడండి. బతికున్న రోటిఫర్లు తెల్లటి నలుసులు, గింగిరాలు తిరుగుకుంట పోతయి. ఊరికే కిందికి దిగుతున్నయంటే చచ్చినయి.

గ్రీన్ వాటర్ సీసా ఇంకొకటి, అంటే రోటిఫర్లకు మేతగ వేసే నాచు నీళ్లు. నానోక్లోరోప్సిస్ అని ఆ నాచు పేరుతోని చీటీ అంటిచ్చిండు. ఫ్రిజ్‌ల పెట్టి కదపకుండ వదిలిపెట్టిన, ఎన్ని దినాలైనా పైన ఎంత పచ్చగుందో కింద అంతే పచ్చగున్నది. నిజమైన నాచు అయితే అడుగున పచ్చటి మడ్డి దిగాలె, ఊపితే మళ్ల కలవాలె. రంగు కలిపిండని నా అనుమానం, పరీక్ష చేయించలేదు. రోటిఫర్లకైతే దాంతోని కడుపు నిండదు.

అన్నిటికన్నా డేంజర్ ఉప్పు. పేరు లేని, బ్యాచ్ నంబర్ లేని కవర్ల తూకం మీద ఇచ్చిండు, ‘ఇంపోర్టెడ్ మెరైన్ సాల్ట్, లూజుగ అయితే చీప్’ అని. హైడ్రోమీటర్ల సముద్రం నీళ్ల లెక్కనే 1.025 చూపిస్తది, అంతా సక్కగున్నట్టే ఉంటది. లీటరుకు 35 గ్రాముల దగ్గర కలిపితే కూరల ఉప్పు కూడ అట్లనే చూపిస్తది. హైడ్రోమీటర్ నీళ్ల బరువు చెప్తది, అందుల ఏమున్నదో చెప్పదు. సముద్రం నీళ్లల్ల కాల్షియం 400 పీపీఎం దగ్గర, మెగ్నీషియం 1300 దగ్గర ఉంటయి. వట్టి ఉప్పుల అవి ఉండవు. నేను ఆర్‌ఓ నీళ్లల్ల కలిపి కేహెచ్ టెస్ట్ (నీళ్లల్ల కార్బోనేట్లు ఎంతున్నయో చుక్కల లెక్కన చెప్పేది) చేసిన, మొదటి చుక్కకే రంగు మారింది. మంచి మెరైన్ సాల్ట్ అయితే ఏడో ఎనిమిదో చుక్క దాక రావాలె.

ఇక్కడ మన జిల్లా వాళ్లకు ఒక మాట. ఈ టెస్ట్ బోరు నీళ్లల్ల చేస్తే లాభం లేదు. మన బోర్ల కేహెచ్ ముందే ఎక్కువ, వట్టి ఉప్పు కలిపినా రీడింగ్ మంచిగనే వస్తది, మోసం తెల్వదు. ఫ్లోరైడ్ సంగతి మీకు కొత్తగ చెప్పేదేముంది, నీళ్లల్లకెళ్లి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అని మన ఊరి పేరే పెట్టిన్రు. భగీరథ నీళ్లల్ల క్లోరిన్ ఉంటది. ఆర్‌ఓ నీళ్లే వాడండి, టీడీఎస్ మీటర్ పెట్టి చూసుకోండి. గల్లీ ప్లాంట్ల ఫిల్టర్లు ఎప్పుడు మారుస్తరో వాళ్లకే తెల్వాలె.

‘లైవ్ రాక్ కావాల్నా, రామేశ్వరంది, తక్కువల ఇస్త’ అని కూడ అడిగిండు. లైవ్ రాక్ అంటే జీవులు అంటుకొని ఉన్న సముద్రపు పగడపు రాయి. తీసుకోకండి. మన సముద్రాలల్ల రాతి పగడాలు 1972 వన్యప్రాణి చట్టంల మొదటి షెడ్యూల్ల ఉన్నయి. పులితోని సమానం. అమ్మినోడు తప్పిచ్చుకుంటడు, మీ ఇంట్ల దొరుకుతది.

పైసల సంగతి. యూపీఐ పేరు ఒకటి, చాటింగ్ పేరు ఒకటి. బిల్లు అడిగితే ‘హాబీ కదన్నా, బిల్లేంది’ అంటడు. చచ్చి వస్తే పైసలు వాపస్ అని చెప్పి, తర్వాత ‘వచ్చిన రెండు గంటలల్ల, డబ్బా విప్పకముందు నుంచి కట్ లేకుండ వీడియో’ అని కొత్త షరతు తీస్తడు. డబ్బా బస్టాండ్ కార్గోల దిగి మీకు ఫోన్ వచ్చేసరికే ఆ రెండు గంటలు అయిపోతయి. షరతులన్నీ పైసలు పంపకముందే రాతల తీసుకోండి. గుడ్ల వీడియో పంపితే, అదే ట్యాంక్ పక్కన ఇయ్యాల్టి తారీఖు రాసిన కాయితం పట్టుకొని ఇంకో వీడియో తీయమనండి. నాకు పంపిన వీడియో ఎవరో తెల్లోళ్లది, కొసకు రెండు సెకండ్లు ఇంగ్లీష్ల మాటలు వినబడ్డయి. కత్తిరిచ్చుడు కూడ సక్కగ రాలేదు.

ఎండాకాలం అయితే ఎంత మంచోడి దగ్గరైనా తెప్పిచ్చుకోకండి. ఈ చేపకు 24 నుంచి 27 డిగ్రీలు కావాలె, మన దగ్గర డిక్కీల ఎంతుంటదో తెలిసిందే.

ఇప్పటికే ఈయన దగ్గర కొన్నోళ్లు చాటింగ్, పేమెంట్ స్క్రీన్‌షాట్లు, కవర్ మీది చీటీలు ఏవీ పారెయ్యకండి. 1915కి ఫోన్ చేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ల ఫిర్యాదు రాసుకుంటరు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్లనే కేసు వేయొచ్చు, హైదరాబాద్ తిరగాల్సిన పని లేదు, కట్టిన పైసలు 5 లక్షల లోపైతే ఫీజు కూడ లేదు. చేపలే పంపకుండ పైసలు మింగితే మాత్రం లేట్ చేయకుండ సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి, ఎంత తొందరగ చెప్తే అకౌంట్ల పైసలు ఆపే వీలు అంత ఉంటది. నల్లగొండల, పాలమూరుల ఇంకా ఎవరైనా ఉంటే చెప్పండి, కాయితాలు కలిపి ఇస్తే బలం ఉంటది.

నా రెండు మగయి ఇప్పుడు వేరే వేరే ట్యాంకులల్ల ఉన్నయి, చిన్నదాని తోక మళ్ల వచ్చింది. ఎవరి దగ్గరన్న ఆడది ఒంటరిగ ఉంటే, పొట్టకింది ఫొటో పెట్టండి, ఒక మగదాన్ని ఉత్తగనే ఇస్త. రోటిఫర్లు వేరేకాడ నుంచి మంచియి దొరికినయి, బకెట్ల నిలబడ్డయి. కావాల్సినోళ్లు నల్లగొండ క్లాక్ టవర్ కాడికి వచ్చి ఫోన్ చేయండి, సీసా మీరే తెచ్చుకోవాలె, మూతకు బొక్క ఉండాలె.