యూఈఎఫ్ఐనా, లెగసీనా? ఎంఎస్ఇన్ఫో32ను ఏళ్ల తరబడి వాడాక

పాత కంప్యూటర్లలో విండోస్ తీసి మళ్లీ వేయడం, హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్డీ పెట్టడం నా రోజువారీ పని. కంప్యూటర్ ఆన్ కాగానే మదర్‌బోర్డులోని ప్రోగ్రాం విండోస్‌ను లేపే పద్ధతులు రెండు: కొత్తది యూఈఎఫ్ఐ, పాతది బయోస్ (దీన్నే లెగసీ అంటారు). ఏ సిస్టమ్ చేతికొచ్చినా ముందు ఒక సంగతి తేల్చుకుంటాను: ఇది యూఈఎఫ్ఐ పద్ధతిలో బూట్ అవుతోందా, పాత బయోస్ పద్ధతిలోనా? అది తేలకుండా డిస్క్ క్లోన్ చేసినా, పెన్‌డ్రైవ్ తయారుచేసినా సగం పని రెండోసారి చేయాల్సి వస్తుంది. తెలుసుకోవడానికి దారులు చాలానే ఉన్నాయి. అన్నీ వాడి చూశాక ఎక్కువగా ఎంఎస్ఇన్ఫో32 దగ్గరే స్థిరపడ్డాను. విండోస్‌లోనే ఉంటుంది, విడిగా డౌన్‌లోడ్ చేసుకోవాల్సింది ఏమీ లేదు.

విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో దాని పేరు టైప్ చేస్తే సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరుచుకుంటుంది. కుడివైపు జాబితాలో ‘బయోస్ మోడ్’ అనే లైను ఉంటుంది. దాని ఎదురుగా యూఈఎఫ్ఐ అనో లెగసీ అనో రాసి ఉంటుంది. అంతే. అడ్మిన్ పాస్‌వర్డ్ అడగదు. ఆఫీసు వాళ్లు అన్నీ బిగించి ఇచ్చిన ల్యాప్‌టాప్‌లలో కమాండ్ ప్రాంప్ట్ తెరవనివ్వకపోయినా, ఇది చాలాసార్లు తెరుచుకుంది. సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం లేని ప్రోగ్రాంలను బూట్ కానివ్వని రక్షణ) ఆన్‌లో ఉందో లేదో కూడా అదే జాబితాలో కనిపిస్తుంది కాబట్టి రెండు పనులూ ఒకేచోట అయిపోతాయి. హార్డ్ డిస్క్ మీద నడిచే పాత మెషీన్లలో మాత్రం జాబితా నిండడానికి కాస్త ఓపిక పట్టాలి.

మెచ్చుకోలేనిది ఆ జాబితాలో పేర్లు పెట్టిన తీరు. ‘బయోస్ మోడ్’ కంటే పైన ‘బయోస్ వెర్షన్’ అనే లైను ఒకటుంది. యూఈఎఫ్ఐ మెషీన్లలో కూడా అది అలాగే ఉంటుంది. ఫోన్‌లో ఎవరికైనా చెప్పి చూడమంటే ముందు దానిమీదే కన్ను పడుతుంది. మా బాబాయ్‌తో ప్రతిసారీ ఇదే వరస.

“బయోస్ అనే ఉందిరా.”

“ఆ లైను కాదు బాబాయ్, ఇంకొంచెం కిందికి రండి. మోడ్ అని ఉంటుంది.”

“మోడ్... ఆఁ, యూఈఎఫ్ఐ.”

ఇప్పుడీ ప్రశ్న ఎందుకింత ఎక్కువగా వస్తోందంటే, విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. 2021లో వచ్చిన విండోస్ 11 యూఈఎఫ్ఐ, సెక్యూర్ బూట్‌కు వీలు, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలంటుంది. అప్‌గ్రేడ్ అడిగేవాళ్లు వరస కట్టారు. ఇక్కడే ఎంఎస్ఇన్ఫో32 చెప్పేదాన్ని సరిగ్గా అర్థం చేసుకోవాలి. ‘లెగసీ’ అని కనిపించగానే “ఇది పాత బోర్డు, 11 రాదు” అని తేల్చేసేవాళ్లను చాలామందిని చూశాను. ఆ లైను చెప్పేది ఈసారి విండోస్ ఏ దారిన బూట్ అయిందో మాత్రమే. బోర్డుకు ఏమేం చేతనవునో అది చెప్పదు.

మధ్యకాలం బోర్డుల్లో రెండు పద్ధతులూ ఉండేవి. యూఈఎఫ్ఐ లోపలే పాత బయోస్‌లా నడిచే భాగం ఒకటి పెట్టారు, దాన్ని సీఎస్ఎం అంటారు. 2012లో విండోస్ 8 వచ్చినప్పుడు, దానితో అమ్మే కంప్యూటర్లకు సర్టిఫికేషన్ కావాలంటే సెక్యూర్ బూట్ ఉండాలని మైక్రోసాఫ్ట్ పట్టుబట్టింది. అందుకే అప్పటినుంచి కంపెనీ విండోస్‌తో వచ్చిన బ్రాండెడ్ ల్యాప్‌టాప్‌లు ఎక్కువగా యూఈఎఫ్ఐలోనే కనిపిస్తాయి. షాపులో అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్‌ల కథ వేరు. బోర్డు కొత్తదే అయినా అలవాటు కొద్దీ పాత పద్ధతిలోనే విండోస్ 7 వేసి ఇచ్చేవాళ్లు. (దొంగ విండోస్‌ను నడిపించే చిట్కాలు అప్పట్లో పాత పద్ధతిలోనే పనిచేసేవి. అదీ ఒక కారణమే, ఎవరూ పైకి చెప్పరు.) ఆ మెషీన్ల మీద తర్వాత 10కి అప్‌గ్రేడ్ చేసినా లెగసీ లెగసీగానే ఉండిపోయింది. కాబట్టి లెగసీ అని కనిపిస్తే నేను ఆగకుండా రీస్టార్ట్ చేసి బోర్డు సెటప్ స్క్రీన్‌లోకి వెళ్లి, బూట్ పేజీలో సీఎస్ఎం గానీ, యూఈఎఫ్ఐ ఎంపిక గానీ ఉందేమో చూస్తాను. ఉంటే దారి ఉన్నట్టే. అయితే 11కి ప్రాసెసర్, టీపీఎం కూడా సరిపోవాలి, అది వేరే పరీక్ష. సెటప్ స్క్రీన్‌లో మౌస్ కదిలితే యూఈఎఫ్ఐ అనే మాట తరచూ వింటుంటాను. అలాంటి స్క్రీన్ ఉన్న బోర్డు కూడా సీఎస్ఎంతో లెగసీలో బూట్ కాగలదు కాబట్టి దాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

రెండు పద్ధతులూ ఉన్న బోర్డుల్లో కొత్తగా ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒకే పెన్‌డ్రైవ్ బూట్ మెనూలో రెండుసార్లు కనిపిస్తుంది, ఒకదాని ముందు యూఈఎఫ్ఐ అని ఉంటుంది. ఏది నొక్కితే ఇన్‌స్టాలేషన్ ఆ పద్ధతిలో సాగుతుంది. “ఈ డిస్క్‌లో ఎంబీఆర్ టేబుల్ ఉంది, ఈఎఫ్ఐ సిస్టమ్‌లో జీపీటీ డిస్క్‌మీదే విండోస్ వేయగలం” అని విండోస్ ఇన్‌స్టాలర్ మొండికేసేది బూట్ పద్ధతీ డిస్క్ పద్ధతీ కలవనప్పుడే. ఎంబీఆర్, జీపీటీ అంటే డిస్క్‌లో ముక్కల లెక్క రాసుకునే పద్ధతులు: విండోస్‌కు లెగసీలో మొదటిది, యూఈఎఫ్ఐలో రెండోది కావాలి. డిస్క్ పాడైందేమోనని టెన్షన్ పడక్కర్లేదు.

మిగతా దారుల్లో నాకు బాగా నచ్చింది బీసీడీఎడిట్. అడ్మిన్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి అది కొడితే, విండోస్ లోడర్ భాగంలో విన్‌లోడ్ అనే ఫైలు పేరు వస్తుంది. చివర డాట్ ఈఎఫ్ఐ ఉంటే యూఈఎఫ్ఐ, డాట్ ఈఎక్స్ఈ ఉంటే లెగసీ. విండోస్ 7లో ఎంఎస్ఇన్ఫో32 ఉన్నా ఆ ‘మోడ్’ లైను ఉండదు, అక్కడ నాకు దిక్కు ఇదే. పవర్‌షెల్‌లో సెక్యూర్ బూట్ అడిగే కమాండ్ ఒకటుంది కానీ దాని జవాబు తికమక పెడుతుంది. ‘ఫాల్స్’ వస్తే లెగసీ అనుకుంటారు, నిజానికి యూఈఎఫ్ఐ ఉండి సెక్యూర్ బూట్ ఆఫ్‌లో ఉందని అర్థం. ఈ ప్లాట్‌ఫామ్‌లో పనిచేయదంటూ ఎర్ర అక్షరాల్లో తిడితేనే లెగసీ.

విండోస్ ఫోల్డర్‌లోని పాంథర్‌లో సెటప్ లాగ్ చూడమని సలహా ఇస్తుంటారు. అది ఇన్‌స్టాల్ చేసిన రోజు సంగతి. డిస్క్‌ను తర్వాత మార్చినా, వేరే మెషీన్ నుంచి క్లోన్ చేసి తెచ్చినా ఆ లాగ్ పాత పాటే పాడుతుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో జీపీటీ కనిపిస్తే యూఈఎఫ్ఐ అనడం కూడా సగం నిజమే. విండోస్ బూట్ అయ్యే డిస్క్ విషయంలో అది సరిపోతుంది. పక్కన ఫొటోలు దాచుకునే రెండో డిస్క్ జీపీటీలో ఉన్నంత మాత్రాన ఏమీ తేలదు.

లైనక్స్‌లో పని ఇంకా సులువు. సిస్ డైరెక్టరీలో ఫర్మ్‌వేర్ లోపల ఈఎఫ్ఐ అనే ఫోల్డర్ ఉంటే యూఈఎఫ్ఐ, లేకపోతే లెగసీ. అసలు విండోసే బూట్ కాని మెషీన్లలో ఇన్‌స్టాల్ చేయకుండానే లైనక్స్ నడిచే లైవ్ పెన్‌డ్రైవ్‌తో ఇలాగే చూస్తాను. కాకపోతే అక్కడ తేలేది పెన్‌డ్రైవ్ బూట్ అయిన పద్ధతి. ఫోల్డర్ కనిపిస్తే బోర్డుకు యూఈఎఫ్ఐ చేతనవునని ఖాయం, లోపలి విండోస్ ఏ పద్ధతిలో వేశారో మాత్రం డిస్క్ చూసే చెప్పాలి.

లెగసీ అని తేలాక మార్చడానికి విండోస్ 10లో 2017 నుంచి ఎంబీఆర్2జీపీటీ అనే పనిముట్టు ఉంది. డేటా పోకుండానే మారుస్తుంది, అయినా నేను బ్యాకప్ లేకుండా ముట్టుకోను. డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే ముందు సస్పెండ్ చేస్తాను. దీనికి ఎక్స్‌టెండెడ్, లాజికల్ పార్టిషన్లు (ఎంబీఆర్ డిస్క్‌ను ఎక్కువ ముక్కలు చేసేటప్పుడు వాడేవి) పడవు. మన దగ్గర ఒకే డిస్క్‌ను సీ, డీ, ఈ, ఎఫ్ అని ముక్కలు చేసి ఇవ్వడం షాపుల ఆనవాయితీ కదా, అందుకే మార్చే ముందు చేసే వ్యాలిడేట్ పరీక్ష దగ్గరే ఆగిపోవడం ఎక్కువగా చూస్తుంటాను. చివరి ముక్కల్లోని ఫైళ్లు వేరేచోటికి తరలించి, అవి తీసేశాక గానీ కదలదు. డిస్క్ మార్చిన తర్వాతే సెటప్‌లో సీఎస్ఎం ఆపాలి. ముందే ఆపితే విండోస్ లేవదు, మళ్లీ ఆన్ చేస్తే మామూలుగా వస్తుంది. చాలా పాత గ్రాఫిక్స్ కార్డు ఉంటే సీఎస్ఎం ఆపగానే స్క్రీన్ నల్లగా ఉండిపోవచ్చు. అప్పుడు కార్డు తీసి బోర్డుమీది పోర్టుకు మానిటర్ తగిలించాలి.

ఎంఎస్ఇన్ఫో32కి నేనిచ్చేది ఐదుకు నాలుగు. ఆ ఒక్కటీ పేర్ల గందరగోళానికి కోత. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో గానీ ఇంకెక్కడైనా గానీ సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొంటుంటే, డబ్బులిచ్చే ముందు అమ్మేవాళ్ల ఎదుటే ఇది తెరిచి చూడండి. లెగసీ అని వస్తే సెటప్ స్క్రీన్ కూడా చూపించమనండి. దానికి పాస్‌వర్డ్ వేసి ఉండి, అది వాళ్లకూ తెలియదంటే ఆ ల్యాప్‌టాప్ నేనైతే తీసుకోను.