పాత కారు వైపర్ వైరింగ్ మీద ప్రేమ, ఒక్క ఎర్త్ బోల్టు మీద కోపం

మైలేజీ, ఏసీ, డిక్కీ సంగతి అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నా. నాది 2000 తర్వాత వచ్చిన చిన్న పెట్రోలు కారు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. నల్లగొండలో ఉంటూ దేవరకొండ, మిర్యాలగూడ, సాగర్ వైపు ఏళ్ల తరబడి తిప్పుతున్నాను. ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చింది వైపర్ వైరింగ్. అవును, వైపర్ వైరింగే.

ఇప్పటి కార్లు చాలావాటిలో వైపర్ స్విచ్ తిప్పితే ఆ సిగ్నల్ ముందు కంట్రోల్ మాడ్యూల్ అనే చిన్న కంప్యూటరుకు పోతుంది, అక్కడి నుంచి మోటారుకు ఆర్డర్ వెళ్తుంది, తేడా వస్తే స్కానర్ ఉన్న షాపు వెతుక్కోవాలి. ఈ కారులో ఆ గొడవ లేదు. ఒక ఫ్యూజ్, స్టీరింగ్ పక్కన కాంబినేషన్ స్విచ్, ఆగి ఆగి తుడవడానికి ఒక రిలే, అద్దం కింద మోటార్, దాని కప్లర్‌లో, అంటే వైర్లు కలిపే ప్లగ్గులో, అయిదు వైర్లు. స్లోకు ఒకటి, ఫాస్ట్‌కు ఒకటి, ఇగ్నిషన్ ఆన్‌లో ఉన్నంతసేపూ కరెంటు ఉండేది ఒకటి, బ్లేడ్లు కిందికి వచ్చి ఆగడానికి ఒకటి, చివరిది ఎర్త్, అంటే కరెంటు కారు బాడీ గుండా బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి పోయే దారి. ఎవరైనా టెస్ట్ ల్యాంప్ (కరెంటు ఉంటే వెలిగే చిన్న బల్బు) పట్టుకుని గంటలో కరెంటు ఎక్కడిదాకా వస్తోందో, ఎక్కడ ఆగిందో తేల్చుకోవచ్చు. ఈ ధైర్యం కోసమే కొత్త కారు ఆలోచన వాయిదా వేస్తూ వచ్చాను.

అయితే పోయిన వానాకాలం ఇదే వైపర్ నాకు చుక్కలు చూపించింది. సాయంత్రం దేవరకొండ నుంచి వస్తుంటే కొండమల్లేపల్లి దాటాక వాన పట్టుకుంది. మొదట బాగానే తుడిచింది. చీకటి పడి హెడ్‌లైట్లు వేయగానే బ్లేడ్లు బరువెక్కినట్టు కదిలాయి, కాసేపటికి అద్దం మధ్యలో నిలబడిపోయాయి. ఎదురుగా లారీ వస్తోంది, అద్దం మీద నీళ్లు తప్ప ఏమీ కనిపించడం లేదు, టెన్షన్‌తో పక్కకు తీసి ఆపేశాను. లైట్లు ఆపితే బ్లేడ్లు మళ్లీ కదిలాయి. వేస్తే ఆగాయి. పైగా లైట్ల వెలుగు కూడా ఎప్పటిలా లేదు, మసకగా ఉంది.

మర్నాడు ఒక షాపులో చూపిస్తే బానెట్ ఎత్తి రెండు నిమిషాల్లో తేల్చేశాడు, "మోటార్ పోయింది సార్, మార్చుడే." మోటార్ పోతే దానికీ లైట్లకూ ఏం సంబంధమని అడిగితే జవాబు లేదు. ఫ్యూజ్ కూడా పెద్దది వేస్తానన్నాడు, వద్దన్నాను. ఫ్యూజ్ ఉన్నది వైరును కాపాడటానికి, అది కాలకుండా పెద్దది పెడితే లోపల వైరే కాలుతుంది. నాకు కోపం వచ్చింది ధర గురించి కాదు, అడిగిన ప్రశ్న వినిపించుకోనందుకు.

తర్వాత మా ఊళ్లోనే రామగిరిలో ఒక పాత ఎలక్ట్రీషియన్ దగ్గరికి పోయాను. ఆయన మొత్తం విన్నాడు, లైట్ల సంగతి మళ్లీ చెప్పించుకున్నాడు. అద్దం మీద నీళ్లు కొట్టించి, వైపర్, లైట్లు రెండూ ఆన్ చేయించి, మల్టీమీటర్ ఒక కొస మోటార్ ఎర్త్ వైరుకు, ఇంకో కొస బ్యాటరీ నెగటివ్‌కు పెట్టాడు. ఆ రెంటి మధ్య దాదాపు సున్నా రావాలి. మీటరు నాలుగు వోల్టులు దాటి చూపించింది. అంటే పన్నెండు వోల్టుల్లో మూడో వంతు దారిలోనే పోతోంది, మోటారుకు మిగిలింది ఏముంది! లైట్లు ఆపితే వోల్టుకు కొంచెం పైన ఆగింది. తర్వాత ఒక లావు వైరు తీసి బ్యాటరీ నెగటివ్ నుంచి నేరుగా మోటార్ ఎర్త్‌కు ఆనించాడు. బ్లేడ్లు ఒక్కసారిగా ఊపందుకున్నాయి. "చూసిన్రా సార్, మోటార్ మంచిగనే ఉన్నది. దానికి ఎర్త్ దొరుకుతలేదు."

తప్పు ఉన్నది బ్యాటరీ ట్రే కింద. వైపర్ ఎర్త్, హెడ్‌లైట్ల ఎర్త్ కలిపి ఒకే బోల్టుకు బిగించి ఉన్నాయి. బ్యాటరీ నుంచి దిగే యాసిడ్ తడి, వాన నీళ్లు అక్కడికే చేరతాయి. బోల్టు విప్పితే లగ్ (వైరు కొసన బోల్టుకు బిగించే రింగు) మీద పచ్చటి చిలుము, దాని కింద బాడీకి జంగు, వైరు కోసి చూస్తే లోపల రాగి కూడా నల్లబడి ఉంది. అంత సన్నటి దారిలో లైట్ల కరెంటు కూడా పడేసరికి వైపర్ గొంతు నొక్కినట్టయింది. అంత మంచి వైరింగ్ వేసినవాళ్లు ఆ బోల్టును అక్కడ ఎందుకు పెట్టారో నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఆయన బ్యాటరీ టర్మినల్ తీసి, మెరిసే రాగి వచ్చేదాకా వైరు కోసి, కొత్త లగ్ వేసి, బాడీని ఎమరీ పేపర్‌తో ఇనుము కనిపించేదాకా గీకి, బిగించాక పైన గ్రీజు రాశాడు. నేను అడిగితే వైపర్‌కు వేరే చోట విడిగా ఎర్త్ ఇచ్చాడు. మోటార్ ధరలో పదో వంతు కూడా కాలేదు. బ్లేడ్లు ఇప్పుడు లైట్లు వేసినా వేయకపోయినా ఒకే తీరుగా తిరుగుతున్నాయి, లైట్లు కూడా తెల్లగా వెలుగుతున్నాయి.

ఇంతకుముందు ఈ కారు వైపర్‌కు ఢోకా లేదని మా వాళ్లందరికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడు అయితే, తేడా వస్తే అది ఎక్కడుందో దొరుకుతుంది అని మాత్రమే చెబుతాను. స్విచ్ ఆపినప్పుడు బ్లేడ్లు అప్పుడప్పుడు మధ్యలోనే ఆగుతున్నాయి. అది మోటార్ గేర్ లోపల బ్లేడ్లను కిందికి తెచ్చి ఆపే పార్కింగ్ కాంటాక్ట్ తేడా, ఈ సీజన్ అయ్యాక విప్పించాలి. కాంబినేషన్ స్విచ్ కూడా వదులైంది, ఒరిజినల్ దొరకడం కష్టమవుతోంది. మన దగ్గర ఎండలు 45 డిగ్రీల దాకా పోతాయి కాబట్టి బ్లేడ్ల రబ్బరు వాన చూడకముందే గట్టిపడుతుంది. గట్టి రబ్బరుతో మోటార్ మీద బరువు పెరుగుతుంది, ఎర్త్ బలహీనంగా ఉంటే ముందు అక్కడే బయటపడుతుంది. అందుకే జూన్ రాకముందే రబ్బరు మార్చేస్తున్నాను.

నాకు ఇది సరిపోతుంది. ఎక్కువగా పగలే తిరుగుతాను, మన వైపు వాన పడే రోజులు తక్కువ, మంచి ఎలక్ట్రీషియన్ ఊళ్లోనే ఉన్నాడు. రోజూ రాత్రి హైవే మీద పోయేవాళ్లకు, పిల్లలతో వానలో దూరం పోయేవాళ్లకు మాత్రం ఇదే కొనమని గట్టిగా చెప్పలేను. ఇలాంటి పాత కారు చూడటానికి పోతే అద్దం తడిపి, ఇంజిన్ ఆన్‌లో పెట్టి వైపర్ వేయండి, అది తిరుగుతుండగానే హెడ్‌లైట్లు వేయండి. బ్లేడ్ల వేగం బాగా పడిపోతే, బేరం మొదలుపెట్టే ముందు బ్యాటరీ ట్రే ఎత్తించి చూడండి.