హెయ్ టికి కొనబోయేవారికి హెచ్చరిక: డబ్బు కట్టకముందే రంధ్రం చూడండి, కాగితం చూడండి

న్యూజిలాండ్‌లోని ఒక చిన్న జిల్లా మ్యూజియంలో నేను సేకరణల విభాగం బాధ్యత చూస్తున్నాను. గత సంవత్సరం ఐరోపాలోని ఒక వేలం సంస్థ నుంచి మేము రెండు వస్తువులు కొన్నాము. ఒకటి మావోరీల పచ్చరాయి పతకం హెయ్ టికి, రెండవది ఫిజీకి చెందిన తిమింగలపు పన్ను. మొదటిది కొత్తగా చేసి పాతదిగా అమ్మినదని తేలింది. రెండవది ఇంతవరకు మా చేతికి అందలేదు. వీటికి వెచ్చించిన సొమ్ము ఊరివారు ఏళ్ళ తరబడి ఇచ్చిన విరాళాల నుంచి తీసినది. మ్యూజియంలలో పనిచేసే తెలుగువారికీ, సొంతంగా పాత వస్తువులు సేకరించేవారికీ మా నష్టం వివరంగా తెలియాలని ఇది రాస్తున్నాను.

వేలం జాబితాలో ఆ హెయ్ టికి గురించి "పాత ఇంగ్లీషు కుటుంబం సొత్తు, పందొమ్మిదవ శతాబ్దం" అని ఉంది. దానితోపాటు పసుపుబారిన చిన్న కాగితపు చీటీ ఫోటో, 1890లలో రాసినదని చెప్పిన ఒక ఉత్తరం ఫోటో పెట్టారు. మా ప్రాంతపు ఈవీకి, అంటే మావోరీ తెగకు, పెద్ద అయిన ఒకావిడను మేమందరం ఫైయా అని పిలుస్తాము. మన దగ్గర పిన్నిగారు, అత్తయ్యగారు అన్నట్టే అది గౌరవంతో కూడిన పిలుపు. ఆవిడ ఫోటోలు చూసి, "దాని ఇంటివాళ్ళెవరో కనుక్కోకుండా ఎలా తెస్తావమ్మా, కొన్నాళ్ళు ఆగు" అన్నారు. వేలానికి తొమ్మిది రోజులే గడువు ఉంది. ఈ అవకాశం పోతే వస్తువు ఎవరో ధనికుడి బీరువాలోకి వెళ్ళిపోతుందన్న భయంతో మా కమిటీ ఆగలేదు, నేనూ ఆగమని గట్టిగా చెప్పలేదు. అసలు తప్పు అక్కడే జరిగింది. గడువు దగ్గరపడిందన్న తొందర అమ్మేవాడికి మేలు చేస్తుందే తప్ప కొనేవాడికి ఎన్నడూ చేయదు.

పెట్టె వచ్చిన రోజు ఫైయా కూడా మ్యూజియంకు వచ్చారు. హెయ్ టికి మావోరీలకు మెడలో వేసుకునే ఆభరణం మాత్రమే కాదు. తరతరాలుగా ఒంటిని అంటి ఉన్న పూర్వీకుల సన్నిధి అది. అలాంటి వాటిని వారు తావొంగా అంటారు. ఆవిడ ముందుగా మెల్లగా ప్రార్థన చేసి, తర్వాత దానిని అరచేతిలోకి తీసుకుని, తిరగేసి, తాడు కట్టే రంధ్రాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చాలాసేపు చూశారు. ఏమీ అనకుండా నా చేతిలో పెట్టారు. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో చూస్తే నాకూ అర్థమైంది.

పూర్వకాలంలో రాతి మొన ఉన్న బరమాతో రెండు వైపుల నుంచి తొలిచేవారు కాబట్టి, పాత టికిలో రంధ్రం రెండు ముఖాల దగ్గర వెడల్పుగా, నడుమ సన్నగా, ఢమరుకం ఆకారంలో ఉంటుంది. నార తాడు ఏళ్ళ తరబడి రాసుకోవడం వల్ల దాని పై అంచు అరిగి నున్నగా, పలుచగా తయారవుతుంది. కొన్నిటిలో ఆ అంచు తెగిపోయి, కింద మరో రంధ్రం తొలిచిన గుర్తు కూడా కనిపిస్తుంది. మా చేతికి వచ్చినదానిలో రంధ్రం గొట్టంలా తిన్నగా ఉంది, పై అంచు కింది అంచు ఒకే మందంతో ఉన్నాయి. ఇనుప పనిముట్లు పద్దెనిమిదవ శతాబ్దం చివరి నుంచే మావోరీల చేతికి రావడం మొదలైంది కాబట్టి, రంధ్రం తిన్నగా ఉన్నంత మాత్రాన వస్తువు కొత్తదని తేల్చలేము. అయితే నూరేళ్ళకు పైగా మెడలో వేలాడిందని చెప్పిన వస్తువుకు తాడు రాపిడే లేకపోవడానికి వేరే కారణం దొరకదు. దీనికి తోడు చేతికీ పొట్టకీ మధ్య ఉన్న మూలల్లో, ఏ మనిషి చర్మమూ తగలని చోట, ముఖం మీద ఉన్నంత మెరుపే ఉంది. ఆ మూలల అడుగున తిరిగే యంత్రపు మొన గీసిన సమాంతర గీతలు వరుసగా కనిపించాయి.

రాయి మాత్రం మంచి నెఫ్రైటే, అంటే అసలైన పచ్చరాయే. అందుకే కొనేవారు సులభంగా మోసపోతారు. నెఫ్రైటు న్యూజిలాండ్ దక్షిణ ద్వీపంలోనే కాక సైబీరియాలో, కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో, చైనాలో కూడా దొరుకుతుంది. కత్తి మొనతో గీస్తే గీత పడలేదు కనుక ఇది నిజమైనదేనని అమ్మేవారు చెప్పే పరీక్ష రాయి గట్టిదనాన్ని మాత్రమే చెబుతుంది. ఆ రాయిని ఎవరు చెక్కారో, ఎప్పుడు చెక్కారో చెప్పదు.

ఆ తర్వాత గది తెరలు దించి, అతినీలలోహిత టార్చి వెలుగులో ఆ చీటీని చూశాము. పసుపుబారిన ఆ కాగితం ఒక్కసారిగా నీలి తెలుపు కాంతితో వెలిగింది. కాగితానికి తెల్లదనం పెంచడానికి కలిపే రసాయనాలు, బట్టల సబ్బు పొడిలో ఉండే రకానివే, అలా వెలుగుతాయి. కాగితపు మిల్లులు వాటిని వాడడం ఇరవయ్యవ శతాబ్దం నడిమి కాలంలోనే మొదలైంది. 1890ల కాగితం అలా వెలిగే అవకాశం లేదు. ఎవరో కొత్త కాగితానికి తేనీటి రంగో మరేదో పట్టించి ముసలితనం తెచ్చారు. ఉత్తరం మాత్రం బహుశా నిజమైనదే కావచ్చు. కాని అందులో "న్యూజిలాండ్ నుంచి తెచ్చిన ఒక ఆకుపచ్చ టికి" అన్న ఒక్క మాట తప్ప కొలత లేదు, బొమ్మ లేదు, పగులు గుర్తు లేదు. అలాంటి ఉత్తరం ఏ టికికైనా సరిపోతుంది. వస్తువును ఆ కాగితంతో ముడిపెట్టే ఆనవాలు ఒక్కటైనా ఉందా అని వేలానికి ముందే నేను అడిగి ఉండవలసింది.

వేలం సంస్థకు రాసినప్పుడు వచ్చిన జవాబు మర్యాదగానే ఉంది. నకిలీ అన్న ఫిర్యాదును వేలం జరిగిన 21 రోజుల లోపే స్వీకరిస్తామని, వివాదం ఏదైనా తమ దేశపు కోర్టులోనే తేల్చుకోవాలని షరతులలో రాసి ఉన్నదని గుర్తు చేశారు. వస్తువు మాకు చేరడానికే ఆరు వారాలు పట్టింది. పైగా జాబితాలో పెద్ద అక్షరాలతో ఉన్న శీర్షికలో "మావోరీ" అని ఉంటే, కింద చిన్న అక్షరాల వివరణలో "మావోరీ శైలి" అని ఉంది. "శైలి" అన్న ఆ ఒక్క మాటతో వారు హామీ నుంచి తప్పుకున్నారు. వేలంలో పలికిన ధర మీద పాతిక శాతం కమిషన్, రవాణా, బీమా ఖర్చులు కలుపుకుంటే మేము అనుకున్న బడ్జెట్ దాటిపోయింది. ఆ ఖర్చులలో ఒక్క పైసా తిరిగి రాలేదు.

తిమింగలపు పన్ను కథ వేరు. ఫిజీలో దానిని తంబువా అంటారు. పెళ్ళి అడగడానికి, క్షమాపణ కోరడానికి, తెగ నాయకులకు మర్యాద చేయడానికి దానిని రెండు చేతులతో సమర్పిస్తారు. 1903 నుంచి 1916 వరకు మద్రాసు రేవు నుంచి కూలి ఒప్పందాల మీద ఫిజీకి వెళ్ళినవారిలో తెలుగువారు కూడా ఉన్నారు. వారి మనుమలు, మునిమనుమలు ఇప్పుడు మా ఊళ్ళోనూ ఉన్నారు కాబట్టి వారికి చూపించాలని నాకు ఎంతో ఆశ ఉండేది. కాని ఈ పన్ను స్పెర్మ్ తిమింగలానిది, ఆ జంతువు అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందంలో (CITES) అన్నిటికన్నా కఠినమైన జాబితా అయిన మొదటి అనుబంధంలో ఉంది. ఆ ఒప్పందం అమలులోకి రాకముందే సంపాదించిన వస్తువని ఎగుమతి చేసే దేశం ధ్రువపత్రం ఇవ్వకపోతే అది సరిహద్దు దాటకూడదు. అమ్మినవారు ఆ పత్రం తీసుకోవడం కొనుగోలుదారు పనే అన్నారు, ఆ దేశపు కార్యాలయం మాత్రం వస్తువు పాతకాలపుదని రుజువులు అమ్మినవారే ఇవ్వాలి అంటోంది. తాబేటి చిప్ప, ఈకలు ఉన్న పసిఫిక్ వస్తువులకు కూడా ఇలాంటి చిక్కులే వస్తాయి. అనుమతి పత్రం అమ్మేవాడి చేతిలో ఉన్నదని కళ్ళతో చూసేవరకు డబ్బు పంపవద్దు. పాత ఈకల వస్త్రాలకు పురుగు పట్టకుండా ఒకప్పుడు ఆర్సెనిక్ పూసేవారు కాబట్టి, అవి చేతికి అందినా చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకండి.

ఈ రంగంలో మోసం నేటిది కాదు. ఇంగ్లండ్‌లోని టోర్కీ పట్టణంలో జేమ్స్ లిటిల్ అనే వ్యాపారి ఇరవయ్యవ శతాబ్దం తొలినాళ్ళలో మావోరీ చెక్కడాలకు నకిలీలు తయారు చేసి సేకర్తలకు అమ్మేవాడు. దొంగతనం కేసులో జైలుకు కూడా వెళ్ళాడు. అదే కాలంలో న్యూజిలాండ్ పచ్చరాయి జర్మనీలోని ఇడార్ ఒబర్‌స్టైన్ పట్టణానికి వెళ్ళి, అక్కడి సానపట్టే కార్ఖానాలలో టికిలుగా మారి వచ్చేది. అందువల్ల ఒక వస్తువు నిజంగానే నూరేళ్ళ పాతదై ఉండి కూడా మావోరీల చేతి పని కాకపోవచ్చు. లండన్ వ్యాపారి విలియం ఓల్డ్‌మన్ సేకరణను న్యూజిలాండ్ ప్రభుత్వం 1948లో కొన్నది. ఆయన పేరు చెప్పి ధర పెంచేవారు ఎదురైతే, ఆయన లెడ్జర్లు మ్యూజియంలలో భద్రంగా ఉన్నాయని, వాటితో సరిచూసుకోవచ్చని గుర్తుంచుకోండి.

నకిలీ కన్నా పెద్ద ప్రమాదం, వస్తువు నిజమైనదై ఉండి దొంగదారిన వచ్చి ఉండడం. న్యూజిలాండ్‌లోని తరనాకీ ప్రాంతంలో, మోతునుయి దగ్గర చిత్తడి నేలలో, శత్రువుల దాడుల కాలంలో తే ఆతియావా అనే మావోరీ తెగవారు దాచిన అయిదు చెక్కడపు పలకలు 1970ల ఆరంభంలో బయటపడ్డాయి. 1973లో వాటిని దొంగచాటుగా దేశం దాటించారు. జార్జ్ ఓర్టిజ్ అనే సేకర్త కొన్న ఆ పలకలు 1978లో లండన్ వేలానికి వచ్చినప్పుడు న్యూజిలాండ్ ప్రభుత్వం కోర్టుకు వెళ్ళింది. ఆనాటి చట్టం ప్రకారం వస్తువును పట్టుకుని స్వాధీనం చేసుకుంటేనే ప్రభుత్వపు సొత్తు అవుతుందన్న కారణంతో 1983లో అప్పటి బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో ఓడిపోయింది. చివరికి 2014లో 45 లక్షల న్యూజిలాండ్ డాలర్లు చెల్లించి వాటిని తెచ్చుకోవలసి వచ్చింది. ఇప్పుడవి న్యూ ప్లిమత్‌లోని పూకే అరికి మ్యూజియంలో ఉన్నాయి. నేటి చట్టం అంతకన్నా గట్టిది. 50 ఏళ్ళు దాటిన మావోరీ వస్తువును అనుమతి లేకుండా దేశం దాటించడం నేరం. 1976 ఏప్రిల్ 1 తర్వాత భూమిలో దొరికిన అలాంటి మావోరీ వస్తువు ఏదైనా మొదట ప్రభుత్వపు సొత్తే, దొరికిన 28 రోజులలో తెలియజేయాలి. పొలంలో దొరికిందని, ఇంటి పునాది తవ్వుతుంటే బయటపడిందని ఎవరైనా మీకు అమ్మజూపితే అమ్మడానికి వారికి హక్కే ఉండకపోవచ్చు. దేశంలోపల పాత తావొంగా కొనాలంటే కూడా మీరు నమోదైన సేకర్త అయి ఉండాలి. ఇక పచ్చబొట్ల ముఖాలతో భద్రపరచిన మానవ శిరస్సులు, టోయ్ మోకో, ఎంత పాత కాగితాలతో వచ్చినా వాటి జోలికి వెళ్ళవద్దు. వాటిని కొనరు, ఇంటికి చేరుస్తారు. న్యూజిలాండ్ జాతీయ మ్యూజియం తే పాపా 2003 నుంచి ఆ పని చేస్తోంది.

ఇదంతా పరాయివారి గొడవ అనుకునేవారు చందవరాన్ని తలచుకోండి. ప్రకాశం జిల్లాలోని ఆ బౌద్ధ క్షేత్రం నుంచి దొంగిలించిన సున్నపురాతి శిల్పాన్ని ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ 2005లో కొని, దాని చరిత్రగా చూపిన కాగితాలు కల్పితాలని తేలాక 2016లో మన దేశానికి తిరిగి ఇచ్చింది. ఆ వార్త చదివిన రోజున నాకు కలిగిన బాధే, ఎవరిదో తెలియని టికిని కొంటున్నామని విన్నప్పుడు ఫైయాకు కలిగి ఉంటుంది. నేను దానిని ముందే గ్రహించి ఉండవలసింది.

ఇప్పుడు మా మ్యూజియంలో పద్ధతి మార్చాము. ఏ వస్తువు విషయంలోనైనా అసలు కాగితాలు, లేదా వాటి రెండు వైపుల ఫోటోలు, చేతికి వచ్చాకే కమిటీ ముందుకు వెళుతుంది. రంధ్రాన్ని పక్క నుంచి, కొలబద్దతో సహా తీసిన ఫోటో కావాలని అడుగుతాము. అది ఇవ్వడానికి జంకేవారితో అక్కడితో ఆపేస్తాము. నకిలీ ఫిర్యాదు గడువు వస్తువు అందిన రోజు నుంచి లెక్కిస్తామని రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. అన్నిటికన్నా ముందు, ఆ వస్తువు ఏ ఈవీకి లేదా ఏ దీవికి చెందినదో వారి పెద్దల మాట వింటాము, వారు ఆగమంటే ఆగుతాము.

గత నెలలో మరో జాబితాలో అవే మాటలు, "పాత ఇంగ్లీషు కుటుంబం సొత్తు", అదే రకం పసుపు చీటీతో ఇంకో హెయ్ టికి కనిపించింది. తల ఎడమవైపుకు వాలి ఉంది, కళ్ళలో ఎర్రటి లక్క ఉంది, రంధ్రం నేరుగా ముందు నుంచే ఫోటో తీశారు, పక్క నుంచి ఒక్క ఫోటో కూడా లేదు. అది మీ కంటబడితే, పక్క నుంచి తీసిన ఫోటో, చీటీ వెనుక వైపు ఫోటో అడిగి తెప్పించుకునేవరకు ధర పాడవద్దు.